కోతకు పెట్టిన పటాలు

1967 జూన్ 26

ఈ రోజు నాగులమ్మ బొమ్మ చించేశాను. ఎనిమిదో తరగతి, డ్రాయింగ్ పీరియడ్. వాళ్ళమ్మ ఇసకలో చేపలు ఎండబెడుతున్నట్టు వేసింది. బాగానే ఉంది. బాగానే ఉండటమే నాకు నచ్చలేదు. చెయ్యి తిరిగిన పిల్ల, మెప్పు కోసం ఆకాశంలో కొంగల్ని కూడా పెట్టింది. క్లాసంతా చూస్తుండగా నాలుగు ముక్కలు చేసి ఆ పిల్ల బల్ల మీదే పెట్టాను. ఇప్పుడు వెయ్యి అన్నాను.

ఏడవలేదు. ముక్కల వంక చూస్తూ కూర్చుంది.

మంచిదే. నాకూ ఇలాగే జరిగింది.

జూన్ 27

నాకు జరిగింది ఎక్కడా రాయలేదు. రాస్తాను.

1958. మద్రాసులో ఆర్ట్ స్కూలు చివరి సంవత్సరం. మేమంతా బొమ్మలు పట్టుకుపోయే గ్యాలరీకి గంగాధరం గారు క్యూరేటర్. మా నెల్లూరు జిల్లా మనిషే, జువ్వలదిన్నె దగ్గర పొలాలున్న కుటుంబం. ఎవరి పటం గోడకెక్కాలన్నా, ఎవరిది ఢిల్లీకి పోవాలన్నా ఆయన నోటి మాటే. జేబులో గడ్డం గీసుకునే మడత కత్తి ఉండేది. నచ్చని పటాన్ని, వేసినవాళ్ళ కళ్ళ ముందే, నిలువునా కోసేవారు. ఆ కత్తికి మగపిల్లలు కూడా వణికేవాళ్ళు.

నేను మా అమ్మను వేశాను. అమ్మ పోయి అప్పటికి ఏడాది. గంగాధరం గారు పటం ముందు నిలబడ్డారు, కత్తి విప్పారు, అమ్మ నుదుటి నుంచి గడ్డం దాకా ఒకే గీత. ఏడుపును వేశావు, అమ్మను వెయ్యలేదు అన్నారు. నలభై మంది ఉన్నారు. నేను బాత్‌రూములో కూర్చుని వాంతి చేసుకున్నాను. తరువాత మళ్ళీ వేశాను. ఆ రెండోదాన్ని ఆయన ఢిల్లీకి పంపారు.

ఎలిశబెతు అనే నా పేరు నలుగురికీ తెలిసిందంటే ఆ కత్తి వల్లే.

జూన్ 30

సంజీవరావు గారు వచ్చారు. కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్, బొమ్మలంటే ప్రాణం. గంగాధరం గారికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది, జువ్వలదిన్నెలో పాతింట్లో ఉన్నారు, మనిషి ఉండగానే నెల్లూరులో ఒక సన్మానం జరగాలి అన్నారు. శాలువా, దండ, ఒక పద్యం. నాకు నవ్వొచ్చింది. ఆ మనిషికి శాలువానా!

ఎగ్జిబిషన్ పెడతానన్నాను. మూడేళ్ళుగా వేసిన పటాలన్నీ వేలాడదీస్తాను. ఒక్కో పటం పక్కన దారానికి ఒక బ్లేడు. గుమ్మంలో బోర్డు: నచ్చనిదాన్ని కోయండి. మిగిలిందే ఎగ్జిబిషన్. ఏదీ మిగలకపోతే ఆ పీలికలే ఎగ్జిబిషన్. ఆయన చెయ్యి పడిపోయింది గనక ఆ పూటకు ఊరి చేతులన్నీ ఆయన చేతులవుతాయి.

 సంజీవరావు గారు లేచి గదిలో అటూ ఇటూ తిరిగారు. మన దేశంలో ఇటువంటిది ఎవరూ చేసి ఉండరన్నారు. మద్రాసు నుంచి రిపోర్టర్‌ను పిలిపిస్తానన్నారు. ఢిల్లీకి కూడా రాస్తానన్నారు.

పేరు కూడా తట్టింది. కోత.

జూలై 3

చెంచమ్మ నన్ను కొట్టింది.

నాగులమ్మ తల్లి. విడవలూరు అవతల పాళెం నుంచి ఎండు చేపలు తెచ్చి ఇక్కడ మార్కెట్లో అమ్ముతుంది. పిల్ల హాస్టల్ వదిలి తల్లి దగ్గరికి పోయి కూర్చుందట. నేను బడి నుంచి బయటికి వస్తుంటే గేటు దగ్గర తట్ట దించి నిలబడి ఉంది.

"ఏందమ్మా టీచరమ్మా, నా బిడ్డ బొమ్మ చించినావంట? అది నన్ను గదా ఏసింది. నన్ను చించినావా నువ్వు?"

నీకు అర్థం కాదు, అది చదువులో భాగం అన్నాను. మాట పూర్తి కాలేదు. జుట్టు పట్టుకుని గేటుకేసి కొట్టింది. ఒకసారి కాదు. పెదవి చిట్లింది. వాచ్‌మన్ వచ్చి లాగితే వాడి చెయ్యి కొరికింది. మూడు దినాలుగా బిడ్డ కూడు ముట్టలా అని అరుస్తూనే ఉంది. పిల్లలంతా వరండాలో నిలబడి చూశారు.

హెడ్‌మిస్ట్రెస్ పోలీసు కంప్లైంటు ఇవ్వమన్నారు. వద్దన్నాను. దయతో కాదు, సిగ్గుతో.

కళ గురించి చేపలమ్ముకునే దానికి ఏం తెలుసు? ఈ వాక్యం రాసి అయిదు నిమిషాలుగా దాన్నే చూస్తున్నాను. కొట్టెయ్యను. ఉండనీ.

జూలై 9, ఆదివారం

చర్చి మానేసి జువ్వలదిన్నె వెళ్ళాను. బిట్రగుంట దాకా పాసెంజరు, అక్కడి నుంచి జట్కా. ఇల్లు సముద్రం వైపు తిరిగి ఉంది. ఉప్పు గాలికి సున్నం పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది.

గంగాధరం గారు పడక కుర్చీలో ఉన్నారు. కుడి చెయ్యి ఒళ్ళో ఒక వస్తువులా పడి ఉంది. కళ్ళు మాత్రం అవే. ఎగ్జిబిషన్ సంగతి చెప్పాను. సగం నోటితో నవ్వారు. మాట ముద్దగా వస్తోంది కానీ అర్థమవుతుంది. నువ్వొక్కదానివే నిలబడ్డావు, మిగతావాళ్ళంతా మట్టి అన్నారు. తొమ్మిదేళ్ళుగా ఆ మాట కోసం చూస్తున్నాను.

భార్య వెంకటశేషమ్మ గారు కాఫీ తెచ్చారు. ఆయన ఎడమ చేత్తో లోటా అందుకుని ఒక గుక్క తాగారు. చల్లారింది కాబోలు. లోటాను ఆమె మొహాన కొట్టారు. ఇత్తడి లోటా. కనుబొమ్మ చీలింది. రక్తం ముక్కు పక్క నుంచి జారి జాకెట్టు మీద పడింది. ఆమె కొంగుతో అద్దుకుని, లోటా ఏరుకుని, నీకు చక్కెర సరిపోయిందా అమ్మాయ్ అని నన్నడిగింది.

ఆయన, ఏ పటాలు పెడుతున్నావు అన్నారు.

నేను చెప్పాను. ఇది రాసుకోవాలి. నేను చెప్పాను. కేన్వాసుల సైజులు కూడా చెప్పాను.

ఓపెనింగ్‌కు ఆయన కత్తి కావాలన్నాను. ఆమె లోపల పెట్టె తీసి తెచ్చి ఇచ్చింది. నన్ను సాగనంపడానికి బయటికి వచ్చినప్పుడు, డాక్టరుకు చూపించుకోండి అన్నాను. వినపడలేదు. మెల్లగా తల తిప్పింది.

"ఈ పక్క చెప్పమ్మాయ్. ఆ చెవి పోయి చానా ఏళ్ళయింది."

ఎలా పోయిందని అడిగాను.

"మద్రాసులో ఉండంగా. ఆ దినం ఆయనకి కోసేదానికి పటం దొరకలా."

మామూలుగా చెప్పింది, బియ్యం అయిపోయాయని చెప్పినట్టు. జట్కావాడు తొందర పెడుతున్నాడు. ఎక్కి కూర్చున్నాను.

జూలై 10

ఇన్విటేషన్ కార్డులు ప్రెస్సుకు ఇచ్చాను.

జూలై 14

గొప్పవాళ్ళ ఇళ్ళలో గొడవలుంటాయి. పని వేరు, మనిషి వేరు. సంజీవరావు గారితో లోటా సంగతి చెబితే ఆయనన్న మాటలివి. నేను తల ఊపాను.

క్లాసులో నాగులమ్మ బల్ల ఖాళీ.

జూలై 22

వెంకటశేషమ్మ గారు నెల్లూరు ఆస్పత్రికి వచ్చింది, ఒంటరిగా, రైల్లో. ఎడమ మణికట్టు విరిగింది. డాక్టరు చెప్పేది వినపడదని నాకు కబురు పెట్టింది. వెళ్ళాను. జారిపడ్డారా అని డాక్టరు అడిగితే, అవునని చెప్పమని నా వైపు చూసింది. నేను అవునన్నాను.

పిండికట్టు ఆరేదాకా బెంచీ మీద కూర్చున్నాం. మంచం కోడుకూ గోడకూ మధ్య చెయ్యి పెట్టించి మంచాన్ని ఆయన కాలితో తన్నాడట. కాళ్ళు రెండూ బాగానే పనిచేస్తాయట, నడవడం ఇష్టం లేక కుర్చీలో ఉంటాడట.

"మీరంతా పటాలు కోసేది చూసినారు. కోసినంక ఇంటికొచ్చేవాడు గదా, అది నేను చూసినా. కోసిన దినాలు మేలు. ఎవురూ పటం తేని దినాలుంటాయే, అప్పుడు నా పని."

మరి ఎందుకు వదిలి రాలేదని అడిగాను. అడగగానే నాలుక కొరుక్కున్నాను. ఆమె కోపగించలేదు. ఎక్కడికి అన్నది.

ఎగ్జిబిషన్ ఆపేస్తానన్న మాట నోటి దాకా వచ్చింది. ఢిల్లీ నుంచి ఒక పెద్దమనిషి బయలుదేరుతున్నాడని ముందు రోజే తెలిసింది. విదేశాలకు ఎవర్ని పంపాలో చెప్పే మనిషి. మాట మింగాను.

ఆమెను బండి ఎక్కించి వస్తూ అరటిపళ్ళు కొనిచ్చాను. అరటిపళ్ళు!

జూలై 23

సండే స్కూల్లో పిల్లలకు తమ్ముణ్ణి చంపిన కయీను కథ చెప్పాల్సి ఉంది. ఒంట్లో బాగాలేదని వచ్చేశాను.

ఆగస్టు 5, శనివారం. ఉదయం 6

ట్రంకు రోడ్డు వెనక ఖాళీ బియ్యం గిడ్డంగి. ఎంత ఊడ్చినా తవుడు వాసన. పటాలన్నీ కట్టాను. బ్లేడ్లు కట్టాను. బ్లేడ్లు కడుతుంటే వేళ్ళు రెండు చోట్ల తెగాయి. ఢిల్లీ నుంచి తిరిగొచ్చిన అమ్మ పటం పెట్టలేదు. అది నా మంచం కిందే ఉంది.

సాయంత్రం అయిదుకు ఓపెనింగ్.

ఆగస్టు 6

నిన్నటిది రాయాలి. 

జనం ఇంతమంది వస్తారనుకోలేదు. కాలేజీ కుర్రాళ్ళు, వకీళ్ళు, బియ్యం వ్యాపారులు, దారిన పోయేవాళ్ళు కూడా. మొదట ఎవరూ బ్లేడు ముట్టుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని బోర్డు చదివి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు గంగాధరం గారిని తెచ్చారు. నలుగురు మనుషులు కుర్చీతో సహా మోసి మధ్యలో పెట్టారు. తెల్ల చొక్కా, నుదుట విభూతి. వెనక వెంకటశేషమ్మ గారు, పిండికట్టు మీద కొంగు కప్పుకుని.

సంజీవరావు గారు ఇంగ్లీషులో మాట్లాడారు. చప్పట్లు. గంగాధరం గారు ఎడమ చెయ్యెత్తి గోడ వైపు చూపించి, కానీ అన్నట్టు ఊపారు.

ఒక కుర్రాడు నవ్వుతూ వెళ్ళి మొదటి పటం మూల కొంచెం కోశాడు. కేన్వాసు చిరిగే చప్పుడు, పెద్ద గిడ్డంగి కదా, గట్టిగా వినిపించింది. ఆ చప్పుడుతోనే ఏదో అయింది వాళ్ళకు. రెండోవాడు, మూడోవాడు. తరువాత లెక్క లేదు. నచ్చినదా నచ్చనిదా అని చూసినవాడు లేడు. పెన్న ఒడ్డున ఉతుకుతున్న ఆడవాళ్ళ పటం ఉంది, ఆ ఆడవాళ్ళ రొమ్ముల మీదే కోశారు, ఈలలు వేశారు. ఒక ముసలాయన, గౌరవంగా పంచె కట్టుకున్నవాడు, పళ్ళు బిగబట్టి ఒకే చోట పొడుస్తూ పొడుస్తూ ఉన్నాడు. ఎవరిని పొడుస్తున్నాడో ఆయనకే తెలియాలి. చట్రాలు విరగ్గొట్టారు. బ్లేడు కోసం ఇద్దరు కుర్రాళ్ళు పెనుగులాడారు, ఒకడి చెంప చెవి దాకా తెగింది. వాడు మొహం పట్టుకుని నేల మీద కూర్చున్నాడు. అయినా ఆగలేదు. రిపోర్టర్ కెమెరా మెరుస్తూనే ఉంది.

నేను ఆపండి అని అరిచానా? అరిచానని సంజీవరావు గారు అంటున్నారు. నాకు గుర్తు లేదు. నాకు గుర్తున్నది గంగాధరం గారి మొహం. అంత ఆనందంగా ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. సగం నోట్లోంచి చొల్లు కారుతోంది.

నన్ను పిలిచారు. కత్తి అడిగారు. ప్రోగ్రాములో అదే చివరిది, ఆయన కత్తిని ఆయన చేతికి ఇవ్వడం. విప్పి ఎడమ చేతిలో పెట్టాను. చెయ్యి చాపు అన్నారు. దీవిస్తారనుకున్నాను. మోకాళ్ళ మీద కూర్చుని కుడి చెయ్యి చాపాను.

ఆయన నా మణికట్టు మీద కత్తి ఎత్తారు. కళ్ళు చూశాను. 1958లో అమ్మ పటం ముందు ఉన్న కళ్ళే. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఎందుకు తీసుకోలేదో దేవుడికే తెలియాలి.

మధ్యలో ఇంకో చెయ్యి వచ్చింది. వెంకటశేషమ్మ గారు కత్తిని అంచు పట్టి పట్టుకుంది. పిడికిలి బిగించింది. ఆయన లాగాడు. ఆమె వదల్లేదు. మళ్ళీ లాగాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం నా చేతి మీద ధారగా పడుతోంది. "వొదలవే" అన్నాడాయన, ఆ మాట మాత్రం స్పష్టంగా. ఆమె వినపడనట్టే ఉంది. కత్తి ఆమె చేతికి వచ్చేసింది. కింద పడేసింది. అదే చేత్తో ఆయన చెంప మీద కొట్టింది. ఒక్కటే దెబ్బ. అయిదు వేళ్ళూ ఎర్రగా పడ్డాయి.

కోస్తున్నవాళ్ళు ఆగి ఇటు తిరిగారు. అప్పుడు ఢిల్లీ నుంచి వచ్చిన పెద్దమనిషి చప్పట్లు కొట్టాడు.

తరువాత అందరూ కొట్టారు. ఎగ్జిబిషన్‌లో భాగమనుకున్నారు.

నేను ఆమె చేతికి నా పైట కొంగు చుట్టి, బ్రేవో అని అరుస్తున్న జనంలోంచి తోసుకుంటూ ఆస్పత్రికి తీసుకుపోయాను.

ఆగస్టు 8

రెండు వేళ్ళ నరాలు తెగాయి. ఇక వంగవట. ఎడమ చేతికి పిండికట్టు, కుడి చేతికి బ్యాండేజీ. నేను తినిపిస్తున్నాను. ముద్ద పెద్దదవుతోంది, చిన్నగా కలుపు అన్నది.

పేపర్లో పడింది. ఆధునిక కళలో సాహసోపేతమైన ఘట్టం. రక్తం నిజమైనట్టే భ్రమ కలిగించారని రాశారు.

ఆగస్టు 9

గంగాధరం గారిని ఆయన తమ్ముడు వచ్చి తీసుకుపోయాడు. వదినను కూడా రమ్మన్నాడు. ఆమె ఆస్పత్రి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. వినపడే చెవి దిండులోకి పెట్టుకుని.

ఆగస్టు 13

మా ఇంటికి తీసుకొచ్చాను. ఒకటే మంచం. ఆమె నేల మీద పడుకుంటానంటుంది, నేను నేల మీద పడుకుంటానంటాను. ఇద్దరం నేల మీదే పడుకుంటున్నాం. మంచం ఖాళీ.

ఆగస్టు 19

ఢిల్లీ నుంచి టెలిగ్రాం. అదే కార్యక్రమం నవంబరులో అక్కడ చెయ్యాలట. ఆ వృద్ధ దంపతుల్ని కూడా తీసుకురావాలట. ఫస్టు క్లాసు చార్జీలు ఇస్తారట. తరువాత బహుశా పారిస్.

సంజీవరావు గారు ఆనందం పట్టలేక పకోడీలు తెచ్చారు. ఆయన ఎదుటే వెంకటశేషమ్మ గారికి చెప్పాను, ఆమె వినపడే పక్క కూర్చుని, ఒక్క మాట దాచకుండా. ఆమె పూర్తిగా విన్నది.

"ఈసారి ఏ చెయ్యి ఇయ్యమంటారు?" అన్నది.

సంజీవరావు గారు పకోడీ పొట్లం వంక చూశారు. కళకు త్యాగాలు తప్పవని ఏదో మొదలు పెట్టారు. మా ఇంట్లోంచి వెళ్ళిపొమ్మన్నాను. ఆయన కదలకపోతే పొట్లం తీసి మొహాన కొట్టబోయాను. చెయ్యి లేచింది. లేచిన చెయ్యిని చూసుకున్నాను. దించాను. పొట్లం ఆయన చేతిలోనే పెట్టి తలుపు తీశాను.

ఆగస్టు 20

రాను అని టెలిగ్రాం ఇచ్చాను. పోస్టాఫీసు మెట్లు దిగుతుంటే ఏడుపొచ్చింది. త్యాగం చేశానని కాదు. పారిస్ పోయింది కదా అని. నిజం ఇదే.

సెప్టెంబరు 10, ఆదివారం

నాగులమ్మ వాళ్ళ పాళెం వెళ్ళాను. విడవలూరు దాకా బస్సు, ఆ తరువాత ఇసకలో నడక. చెంచమ్మ గుడిసె ముందు చేపల పొట్టలు చీలుస్తోంది. నన్ను చూసి లేవలేదు. చేతిలో కత్తి ఆపలేదు.

ఇసకలో కూర్చుని, తప్పు చేశానని చెప్పాను. నీ బిడ్డ బొమ్మ బాగుంది, బాగుందని తెలిసే చించానని చెప్పాను.

"ఒకరి దెబ్బ ఒకరి మీద తీర్చుకుంటే యాడికి పోతాదమ్మా అది?" అన్నది. అడిగినట్టు లేదు, తనలో తాను అనుకున్నట్టు ఉంది. కాసేపయ్యాక, "నేను కూడా నిన్ను గేటుకి అంత గట్టిగా కొట్టకుండా ఉండాల్సింది," అన్నది. మళ్ళీ వెంటనే, "కొట్టినందుకు కాదు, అంత గట్టిగా," అన్నది.

నాగులమ్మ గుడిసెలోంచి వచ్చింది. రెండు నెలలకే ఎదిగినట్టుంది. బళ్ళోకి వస్తావా అంటే తల్లి వంక చూసింది. లెక్కలకి వస్తా అన్నది. బొమ్మలకి రాను.

సెప్టెంబరు 18

వచ్చింది. డ్రాయింగ్ పీరియడ్‌లో చేతులు బల్ల కింద పెట్టుకుని కూర్చుంది.  రోజూ ఇలాగే కూర్చోనీ. ఎన్నాళ్ళయినా.

అక్టోబరు 14

గంగాధరం గారు పోయారు. తమ్ముడు మనిషిని పంపాడు. వెళ్తారా అని అడిగాను. పోయి ఏం చూడాల అన్నది వెంకటశేషమ్మ గారు. కొంచెం సేపటికి, నీళ్ళు కాచిపెట్టు, తలకి పోసుకుంటా అన్నది. పోశాను. వీపు మీద పాత మచ్చలు. సబ్బు వాటి మీదుగా మెల్లగా తోమాను. 

అక్టోబరు 29

మద్రాసులో సంతాప సభ. గోడల నిండా ఆయన శిష్యుల పటాలు. ఆయన ప్రియశిష్యురాలినని నన్ను మాట్లాడమన్నారు.

లేచి, "ఆయన భార్యను కొట్టేవారు. నేను చూశాను. చూసి కాఫీ తాగాను," అన్నాను.

కూర్చున్నాను.

అధ్యక్షుల వారు గొంతు సవరించుకుని తరువాతి వక్తను పిలిచారు. ఆయన గంగాధరం గారి దయాహృదయం గురించి అరగంట మాట్లాడారు.